భోజనాల గదిలో పాత సైడుబోర్డు



ఈ మధ్య మా వీధిలో ఒకావిడ కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి పోతే భోజనాల గదిలోకి తీసుకుపోయి, ఒక పాత చెక్క సామాను చూపించి, "ఇది బెంగుళూరు నుంచి తెప్పించినాం, యాంటిక్" అన్నారు. ధర విని నేను నోరు మెదపలేదు. ఎందుకంటే అచ్చం అలాంటిదే మా ఇంట్లో అరవై ఏళ్ళుగా ఉంది. ఉంది అంటే, ముప్పాతిక భాగం ఉంది. పై పాతిక భాగం నేనే చేతులారా కోయించేశాను. ఆ సంగతే ఈ రోజు మీతో చెప్పుకుందామని వచ్చాను.

సైడుబోర్డు అంటే ఏమిటని కొందరు అడగవచ్చు. భోజనాల బల్లకు పక్కగా, గోడకు ఆనించి వేసే పొడుగాటి బల్లబీరువా అనుకోండి. నడుమెత్తు ఉంటుంది. పైన గిన్నెలు పెట్టుకునే పలక, దాని కింద గంటెలూ చెంచాలూ వేసుకునే సొరుగులు, ఆ కింద తలుపులున్న అరలు. కొన్నిటికి పలక వెనక నిలువుగా చెక్కుడు పని, మధ్యలో అద్దం. ఇది మనది కాదు, దొరల సామాను. ఇంచుమించు రెండువందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో రాబర్ట్ ఆడమ్ అనే ఆయన జమీందార్ల ఇళ్ళకు ఒక పొడుగు బల్ల, దానికి అటూ ఇటూ రెండు పీఠాలు, వాటి మీద కలశాల్లాంటి పాత్రలు చేయించేవాడు. తరువాత వడ్రంగులు ఆ బల్లనూ పీఠాలనూ కలిపి ఒకే సామానుగా చేశారు. 1788లో అచ్చయిన హెపిల్‌వైట్ నమూనాల పుస్తకంలో ఇలాంటివి ఉన్నాయి. ఇంకో విచిత్రం చెప్పనా? ఆ రోజుల్లో కొన్నిటికి పక్క అరలో ఒక కుండ దాచేవాళ్ళట. భోజనమయ్యి ఆడవాళ్ళు లేచిపోయినాక, తాగుతూ కూర్చునే మగవాళ్ళ అవసరానికి! ఈ కథ చదివిన రోజు మా దాంట్లో అలాంటి అర ఏమైనా ఉందేమోనని పోయి వెతికాను. లేదు లెండి. మేము ఊరగాయ జాడీలు పెట్టుకునేది మామూలు అరలోనే.

మరి దొరల సామాను కడపలో మా ఇంటికి ఎట్లా వచ్చింది? ఆవిరి ఇంజన్ల కాలంలో నందలూరులో పెద్ద లోకోషెడ్డు ఉండేది. మద్రాసు, బొంబాయి దారిలో ముఖ్యమైన మజిలీ అది. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, ఫైర్‌మన్లు అక్కడ రైల్వే క్వార్టర్సుల్లో కాపురం ఉండేవాళ్ళు. స్వాతంత్య్రం వచ్చినాక వాళ్ళలో చాలామంది ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ వెళ్ళిపోయారు. పోయేటప్పుడు మంచాలు, పియానోలు, బల్లలు మోసుకుపోలేరు కదా, వచ్చినకాడికి అమ్మేశారు. మా ఆయన జేజినాయన ఆ షెడ్డు ఆఫీసులో గుమాస్తా. 1962లో ఒక డ్రైవరు కుటుంబం ప్రయాణమవుతుంటే నూటపాతిక రూపాయలకు దీన్ని కొన్నాడట. లారీ బాడుగ వేరే. ఇంట్లో మహా గొడవ జరిగిందట. నేలమీద పీటలు వేసుకొని సంగటి తినే ఇంటికి ఈ దొరల బల్ల ఎందుకని.

మా అత్తగారు కాపురానికి వచ్చినాక దానికి పని కల్పించింది. సంగటి తపేలా, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి, నెయ్యి గిన్నె, అన్నీ దాని మీదే. మగవాళ్ళు వెనక వరుసగా కూర్చుంటే ఈమె గోడవైపు తిరిగి గిన్నెల్లోంచి తీసుకునేది. ఎవరి విస్తరిలో అన్నం అయిపోయింది, ఎవరు చారు కోసం చూస్తున్నారు అన్నది తల తిప్పకుండానే తెలిసిపోయేది. ఎలాగంటారా? ఎదురుగా అద్దం. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఈమెకు మంత్రమేమన్నా వచ్చునేమో అనుకున్నాను. దొరలు ఆ అద్దం దీపాల వెలుగు రెట్టింపు కావడానికీ వెండి సామాను మెరవడానికీ పెట్టుకున్నారేమో గాని, మా ఇంట్లో మాత్రం అది వడ్డించే మనిషికి వీపున ఉన్న కండ్లు.

2016లో ఇల్లు బాగు చేయించాము. గాలి కోసం ఆ గోడకు కిటికీ పెట్టించాలన్నాను. అద్దం అడ్డం వస్తుంది. బల్లను వేరే గోడకు జరిపి ఉండవచ్చు. కానీ అక్కడ ఫ్రిజ్ పెట్టాలని నా పట్టు. మరలు తుప్పు పట్టి ఊడకపోతే వడ్రంగి రంపంతో రెండు వెనక స్తంభాలనూ మొదట్లో కోసేశాడు. అద్దం మా మరిది వాళ్ళు తీసుకుపోయారు. అత్తగారు ఆ పూట ఏమీ అనలేదు. రాత్రి వడ్డించేటప్పుడు మాత్రం, "ఇన్నాళ్ళూ నాకు ఎనకపక్క కండ్లుండె. ఇంగ లేవు పో మే" అంది. అంతే. ఆమెకు మెడనొప్పి, ముద్దముద్దకూ వెనక్కి తిరగలేదు. ఇప్పుడు వడ్డన నాది.

మూడేళ్ళకు పాత సామాన్లు కొనే వ్యాపారి ఒకాయన వేరే పనిమీద వచ్చి దీన్ని చూశాడు. మొదట అడిగిన మాట, "అమ్మా, దీని తల ఏదీ?" తల ఉంటే అరవై వేలు, లేకపోతే పాతిక వేలు అన్నాడు. డబ్బు సంగతి అటుంచండి, ఆయన చూసిన పద్ధతి నాకు నచ్చింది. పైపలక వంక చూడనే లేదు. సొరుగు పూర్తిగా లాగి తలకిందులు చేశాడు. మూలల దగ్గర చెక్కలు రెండు చేతుల వేళ్ళు కలిపినట్టు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి చూడండి, ఆ పళ్ళు ఒక్కొక్కటి ఒక్కో కొలత ఉంటే చేత్తో కోసినవి, అన్నీ ఒకే తీరుగా ఉంటే మిషను పని అన్నాడు. వెనకాల ప్లైవుడ్ ఉంటే మరీ పాతది కాదు, లేదా తరువాత మార్చినది. మాది టేకు, నమూనా దొరలది, చేతిపని మన వడ్రంగులదని తేల్చాడు. యాంటిక్ అనే మాటకు లెక్క వంద సంవత్సరాలు. 1972లో వచ్చిన మన పురావస్తువుల చట్టం కూడా వస్తువుల విషయంలో ఆ లెక్కే చెబుతుంది. అంతకు చిన్నవాటిని వింటేజ్ అంటున్నారు. మాది ఏ వరుసలోకి వస్తుందో ఆయనా చెప్పలేకపోయాడు. నేను అమ్మలేదు.

మీ ఇళ్ళలో ఇలాంటివి ఉంటే నాలుగు మాటలు. మన కడప ఎండలకు చెక్క ఎండి ముడుచుకుంటుంది, పలకల మధ్య సందులు పడతాయి. కంగారుపడి లప్పం పూయకండి. వానలు పడితే మళ్ళీ సర్దుకుంటుంది. అప్పుడు సొరుగులు బిగుసుకుంటే అంచులకు కొవ్వొత్తి రుద్దితే చాలు. పాత లక్క పాలిషు గీకించి నిగనిగలాడే వార్నిషు వేయించవద్దు, ఆ రంగు మళ్ళీ రాదు. టేకును చెదలు అంత సులువుగా ముట్టుకోవు గాని, వెనకాల వేసిన నాసి చెక్కను వదలవు. అందుకని గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా ఉంచండి. ఇక మన నాపబండ. పలకమీద వేడి గిన్నెల మచ్చలు పడుతున్నాయని కొందరు పైన నిండుగా బండ పరిపిస్తారు. ఆ బరువుకు పలక వంగి సొరుగులు కదలవు. పైగా నిమ్మరసం, చింతపులుసు ఒలికితే బండ మీద కూడా మచ్చే. గిన్నె కింద జానెడు ముక్క పెట్టుకుంటే సరిపోతుంది.

పోయిన ఉగాదికి ప్రొద్దుటూరు పోయినప్పుడు తోటికోడల్ని అద్దం అడిగాను. అది వాళ్ళ పడకగదిలో ఉంది, పెద్దపిల్ల దాని ముందే జడ వేసుకుంటుంది. "వద్దని ఇచ్చింది నువ్వే కదక్కా" అంది. నిజమే కదా, ఏం చెప్పను? పిల్ల పెండ్లయి పోయినాక చూద్దాంలే అంది. పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

మొన్న ఏదో పనికి వచ్చిన వడ్రంగి, కోసిన ఆ రెండు మొదళ్ళూ చేతికి గీసుకుంటాయి, చదును చేసేస్తానన్నాడు. వద్దని, వాటికి గుడ్డ చుట్టి ఉంచాను.

(ఆకాశవాణి కడప కేంద్రం సౌజన్యంతో)