మాంసకృత్తులలో ఇరుగుపొరుగు

హైదరాబాదు నగరం నుంచి నాగపూరు రహదారిని ఉత్తరంగా సాగిపోతే మేడ్చల్ వస్తుంది. కరీంనగరం దారి పడితే షామీర్‌పేట వస్తుంది. ఒకనాడు ద్రాక్షతోటలకూ, పెద్ద చెరువుకూ పేరుపడిన ఊళ్ళివి. ఈనాడు అక్కడ టీకాలు తయారుచేసే కర్మాగారాలు వెలసినవి. 1993లో కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, మేడ్చల్ చెంత తయారుచేసిన హెపటైటిస్-బి టీకాను 1997లో ప్రజలకు అందించింది. ఒక జీవి జన్యువును మరొక జీవిలో నిలిపి, దానిచేత మనకు కావలసిన పదార్థాన్ని తయారుచేయించే నూతన పద్ధతిలో మన దేశంలో రూపొందిన మొదటి టీకా అదే. అటుపిమ్మట షామీర్‌పేట దాటిన తరువాత, తుర్కపల్లి పరిసరాలలో, జీనోమ్ వ్యాలీ అనే విజ్ఞాన పారిశ్రామిక ప్రాంతం రూపుదిద్దుకొన్నది.

ఆ ప్రాంతపు ఆరోగ్యకేంద్రంలో ఒకసారి ఒక ముసలమ్మను చూచాను. ఆమె చేతులలో ఆ ఉదయమే పుట్టిన మనుమరాలు ఉన్నది. “గింత పసిగుడ్డుకు పుట్టిన్నాడే సూది ఎందుకు బిడ్డా?” అని ఆమె నర్సమ్మను అడిగింది. నర్సమ్మ రెండు మంచిమాటలు చెప్పి సూది వేసింది. ప్రశ్న మాత్రం నా వెంట వచ్చింది. దానికి సగం సమాధానం వైద్యశాస్త్రంలో ఉన్నది. తక్కిన సగం కంటికి కనపడని ఒక దారపు ముడులలో ఉన్నది. నేటి ప్రసంగం ముఖ్యంగా ఆ ముడులను గురించి.

ఆ సూదిమందులోని సారం ఒక మాంసకృత్తు. దీనినే ప్రోటీను అంటున్నాము. మాంసకృత్తులన్నీ ఆమినో ఆమ్లాలనే చిన్న పదార్థాల గొలుసులు. ఈ ఆమ్లాలు ముఖ్యంగా ఇరవై రకాలు. ఒకదానితో ఒకటి చేయి కలిపేటప్పుడు, జతకొక నీటి అణువు వెలికి పోతుంది. అట్లా పోగా గొలుసులో మిగిలిన భాగాన్ని శాస్త్రజ్ఞులు అవశేషం అంటారు. హెపటైటిస్-బి టీకాలోని మాంసకృత్తు గొలుసులో 226 అవశేషాలున్నవి.

ఐతే గొలుసు తిన్నగా చాచిన తాడువలె ఉండదు. మన పల్లెలలో రైతు తలకు చుట్టుకొనే రుమాలును తలచుకొనండి. గుడ్డను నేలపై పరిస్తే ఈ కొసకూ ఆ కొసకూ మధ్య ఎన్నో మూరల దూరం. తలకు చుట్టగానే ఈ కొస ఆ కొసను తాకుతుంది. నడుమ మడత మొదటి మడతపై కూర్చుంటుంది. గుడ్డను రుమాలుగా నిలిపేది ఆ తాకిడులే. మాంసకృత్తు సంగతీ అంతే. గొలుసులో పదవ స్థానంలోని అవశేషం తొంబదవ స్థానంలోని దానికి పక్కింటి చుట్టం కావచ్చును. గొలుసులోని వరుస వేరు, ఇరుగుపొరుగు వేరు. మాంసకృత్తు చేసే పని ఈ ఇరుగుపొరుగును బట్టి ఉంటుంది.

ఈ పొత్తులు పలువిధాలు. కొన్ని అవశేషాలకు నీరు గిట్టదు. నీటిలో నూనెబొట్లు ఒకచోట చేరినట్లు, అవి గొలుసు లోపలి భాగాన ఒదిగి కూర్చుంటవి. కొన్నిటికి ధన విద్యుదావేశం, కొన్నిటికి ఋణ విద్యుదావేశం ఉండి పరస్పరం ఆకర్షించుకొంటవి. కొన్నిటి నడుమ ఉదజని పరమాణువు మధ్యవర్తిగా నిలుస్తుంది. సిస్టీన్ అనే అవశేషాలు రెండు ఎదురుపడితే, వాటిలోని గంధకాలు కలసి గట్టి ముడి పడుతుంది.

ఈ ముడుల మహిమను అమెరికా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ చక్కగా నిరూపించాడు. ఆయన ఎన్నుకొన్న రైబోన్యూక్లియేజు అనే మాంసకృత్తులో 124 అవశేషాలు, వాటిలో ఎనిమిది సిస్టీన్‌లు, అంటే నాలుగు గంధకపు ముడులు ఉన్నవి. ఎనిమిదింటిని జతలుగా కలపడానికి 105 విధాలున్నవి. వాటిలో ప్రకృతి ఎన్నుకొన్నది ఒక్కటే. ఆయన ముడులన్నీ విప్పి, గొలుసును చిందరవందర చేసి, తగిన పరిస్థితులలో వదలిపెట్టగా, అది ఆ ఒక్క విధంగానే మళ్ళీ ముడివేసుకొని తన పని తాను చేయసాగింది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవలెనో గొలుసులోనే వ్రాసి ఉన్నదని దీనివల్ల తేలింది. ఈ కృషికి ఆయనకు 1972లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది.

మరి కంటికి కనపడని ఈ పొత్తులను లెక్కపెట్టడమెట్లా? మాంసకృత్తును స్ఫటికంగా చేసి, దానిపై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, అవి చెదరిన తీరును బట్టి పరమాణువుల స్థానాలను గుర్తిస్తారు. 1958లో కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ మయోగ్లోబిన్ ఆకృతిని మొదటిసారి లోకానికి చూపిన మార్గమిదే. స్థానాలు తెలిసిన తరువాత గళ్ళకాగితం ఒకటి తీసుకొంటారు. అడ్డంగా ఒకటి మొదలు చివరి అవశేషం దాకా అంకెలు, నిలువునా అవే అంకెలు వేస్తారు. ఏ రెండు అవశేషాల నడుమ దూరం ఒక హద్దుకు లోబడి ఉంటే, ఆ రెండూ కలిసే గడిలో చుక్క పెడతారు. తరచు వాడే హద్దు 8 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. గొలుసులో పక్కపక్కనున్నవి ఎట్లాగూ దగ్గరగానే ఉంటవి గనుక వాటిని విడిచిపెడతారు. దూరాన ఉండి దగ్గరైనవే అసలు విషయం చెబుతవి. ఇది మాంసకృత్తుకు గ్రామపటం వంటిది.

చేరువకు హద్దు ఉన్నట్లే, మితిమీరిన చేరువకూ హద్దున్నది. ఈ సంగతిని లోకానికి బోధించినది మన పొరుగున ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయమే. అక్కడ జి. ఎన్. రామచంద్రన్‌గారు, సహచరులైన రామకృష్ణన్, శశిశేఖరన్‌గార్లతో కలసి, రెండు పరమాణువులు ఒకదానిపై ఒకటి పడకుండా ఎంత దగ్గరకు రావచ్చునో లెక్కకట్టి, గొలుసు ఏ కోణాలలో వంగగలదో, ఏ కోణాలలో వంగలేదో 1963లో ఒక పటంలో చూపారు. రామచంద్రన్ పటమని ప్రపంచమంతా దానిని నేటికీ వాడుతున్నది. అంతకుముందు 1954లో ఆయన, గోపీనాథ్ కర్తాగారు కలసి, చర్మంలోను ఎముకలలోను ఉండే కొల్లాజెన్ మూడు పేటల తాడని ప్రకటించారు. ఆ తాడులో ప్రతి మూడవ స్థానంలోను గ్లైసిన్ ఉంటుంది. మూడు పేటలూ కలిసే నడిమి ఇరుకులో, అన్నిటికన్న చిన్నదైన గ్లైసిన్‌కు తప్ప మరొక దానికి చోటు లేదు.

ఈ గ్లైసిన్‌ను జ్ఞాపకముంచుకొని మళ్ళీ మేడ్చల్ టీకా దగ్గరకు వద్దాము. హెపటైటిస్-బి క్రిమి పైపొరలో ఉండే మాంసకృత్తును ఈస్టు అనే సూక్ష్మజీవిచేత తయారుచేయిస్తారు. అందులో 124వ అవశేషం నుంచి 147వ అవశేషం దాకా ఉన్న భాగం, గంధకపు ముడులతో వంపు తిరిగి, బయటికి పొడుచుకొని ఉంటుంది. మన శరీరంలోని రక్షకకణాలు ముఖ్యంగా గుర్తుపట్టేది ఆ వంపునే. ముడులు విప్పితే అవశేషాలన్నీ వరుసలో ఉన్నా గుర్తు చాలవరకు చెడిపోతుంది. ఆ వంపులో 145వ స్థానంలో గ్లైసిన్ ఉన్నది. టీకా వేసినప్పటికీ వ్యాధి సోకిన ఒక శిశువులో, ఆ స్థానాన గ్లైసిన్‌కు బదులు పెద్దదీ, ధనావేశం గలదీ అయిన ఆర్జినిన్ ఉన్నదని 1990లో ఇటలీ నుంచి వార్త వెలువడింది. 226లో ఒక్కటి మారగా, రక్షకకణాలు శత్రువును ఆనవాలు పట్టలేకపోయినవి. ఇట్టివి అరుదు, వీటివల్ల టీకా విలువ తగ్గలేదు. కాని ఒక్క పొరుగువాడు మారితే వీధి అంతా ఎట్లా మారుతుందో తెలియడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

వంటింట్లోనూ ఒక నిదర్శనమున్నది. కోడిగుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది. గొలుసులు తెగలేదు, పాత పొత్తులు విడిపోయి, కూడనివి కూడినవి. ఇక దానిని చల్లార్చినంత మాత్రాన పూర్వస్థితి రాదు. అందుకే టీకాలను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. చల్లదనం మంచిదన్నాము గదా అని హెపటైటిస్-బి టీకాను గడ్డకట్టనివ్వరాదు. మాంసకృత్తు పట్టుకొని ఉండే అల్యూమినియం లవణపు రేణువులు ముద్దకట్టి, టీకా నిస్సారమవుతుంది.

నేడు స్ఫటికం లేకుండానే పొత్తులను ఊహించే విద్య వచ్చింది. ఒకే కుటుంబపు మాంసకృత్తును అనేక జీవులలో పోల్చిచూస్తే, ఒక స్థానంలో అవశేషం మారినప్పుడల్లా దూరాన మరొక స్థానంలోనూ మార్పు కనపడుతుంది. తాళం మారితే చెవి మారవలె గదా! ఆ రెండూ ఒకదానినొకటి తాకుతున్నవని దానిని బట్టి ఊహిస్తారు. ఈ సూత్రాన్నీ, తెలిసిన వేలాది ఆకృతులనూ గణనయంత్రానికి నేర్పగా, 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే సాధనం ఆశ్చర్యకరమైన ఖచ్చితత్వాన్ని చూపింది. దానిని నిర్మించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమానంలో సగభాగం దక్కింది.

ఇక ముసలమ్మ ప్రశ్న. ఈ వ్యాధి పుట్టుక సమయంలో తల్లినుంచి బిడ్డకు సోకితే, పదిమందిలో తొమ్మండుగురికి అది జీవితాంతం నిలిచిపోయి, ముందుముందు కాలేయాన్ని దెబ్బతీయవచ్చును. పెద్దలకు సోకితే అట్లా నిలిచేది నూటికి అయిదుగురిలోపే. కనుకనే పుట్టిన 24 గంటలలోగా మొదటి మోతాదు వేయవలెను. మన ప్రభుత్వం 2002లో కొన్ని చోట్ల ప్రారంభించిన ఈ టీకా, 2011 నాటికి దేశమంతటా శిశువులకు ఉచితంగా అందసాగింది.

అమ్మా, ఆ సూదిలో ఉన్నది వ్యాధి కాదు. వ్యాధి ముఖంలోని ఒక ఆనవాలు మాత్రమే. శత్రువు గడప తొక్కకముందే నీ మనుమరాలి రక్తం ఆ ఆనవాలు నేర్చుకొనవలె. అందుకే పుట్టిన్నాడే సూది.