మోకాల్లో మెదడు



తెలివితక్కువ పని చేసినవాణ్ణి "నీ మెదడు మోకాల్లో ఉందా?" అని తిడతాం. ఇప్పుడు నిజంగానే మోకాల్లో మెదడు పెడుతున్నారు. అది తిట్టు కాదు, వరం!

పాతకాలపు కృత్రిమ మోకాలు తలుపు బందు లాంటిది. మెట్టు దిగుతున్నా, కాలు జారుతున్నా దానికి తేడా తెలియదు. దీనికి విరుగుడు ఒక చిత్రమైన ద్రవంలో దొరికింది. నూనెలో అతిసన్నని ఇనుప రేణువులు కలుపుతారు. అయస్కాంత క్షేత్రం సోకగానే ఆ రేణువులు గొలుసుల్లా బారులు తీరి, కొన్ని మిల్లీసెకన్లలో నూనె చిక్కబడుతుంది. క్షేత్రం తీసేస్తే మళ్ళీ పలచబడుతుంది. 1940ల చివర్లో అమెరికాలో జేకబ్ రాబినో దీన్ని కనిపెట్టారు. ఎం.ఐ.టి.లో హ్యూ హెర్ బృందం దాన్ని మోకాలికి మలిచింది. హెర్ 1982లో పర్వతారోహణలో మంచులో చిక్కుకుని రెండు కాళ్ళూ పోగొట్టుకున్న మనిషి. ఆ కృషి నుంచే ఓసుర్ కంపెనీ 'రియో నీ' వచ్చింది. సెన్సర్లు మోకాలి వంపునీ, దానిమీద పడే బరువునీ కొలుస్తుంటే, లోపలి చిప్ అడుగడుక్కీ ద్రవం బిగువు మారుస్తుంది. తడబడితే మోకాలే ఆపుకుంటుంది.

కానీ దాని ధర వేల డాలర్లు. పైగా చార్జింగు కావాలి. పొలం గట్టు మీద నడిచే రైతుకి, పీట మీద కూర్చునే తల్లికి అది అందేదెలా? 1968లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ తయారుచేసిన జైపూర్ పాదం చెప్పుల్లేకుండా నడవడానికీ, గొంతుక్కూర్చోవడానికీ పనికొస్తుంది. 'మయూరి' సుధా చంద్రన్ నాట్యం చేసింది దానితోనే. మన హైదరాబాదు నిమ్స్‌లో పోలియో పిల్లలు ఈడ్చుకు నడిచే 3 కిలోల కాలిపర్లు చూసి, అబ్దుల్ కలాం బృందం అగ్ని క్షిపణికి వాడిన తేలిక పదార్థంతో 300 గ్రాముల్లో చేసిచ్చింది. ఈ రెంటిలోనూ చిప్ లేదు. చేసినవాళ్ళు మాత్రం వాడేవాళ్ళ బతుకు చూసి చేశారు. ఈ హాల్లో ఉన్న ఇంజనీర్లకు నా విన్నపం ఇదే: దుమ్ము, వాన, కరెంటు కోత, నేలమీద కూర్చోవడం, వీటిని కూడా డిజైన్ లెక్కలో వేయండి.

చివరగా ఒక్క మాట. ఎంత తెలివైన కాలైనా సొంత కాలికి సాటి రాదు. మధుమేహంతో స్పర్శ తగ్గిన పాదానికి చిన్న పుండు పడినా తెలియదు. ముదిరితే కాలు తీసేయాల్సి రావచ్చు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "షుగరెంత?" అని అడిగి ఊరుకోకండి. "నాన్నా, అరికాళ్ళు చూసుకున్నావా?" అని కూడా అడగండి.