ఉర్దూ, ఇంగ్లీషు: ఒకదాని కోసం మరొకటి వదులుకోవాలా?



పిల్లలను బడిలో చేర్చే సమయం రాగానే మన ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఇంగ్లీషు రావాలంటే ఉర్దూ మానిపించవలసిందేనా? జవాబు చెప్పేముందు ఈ రెండు భాషల స్వభావాన్ని పరిశీలిద్దాం.

రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినవే. ఉర్దూ ‘దో’ ఇంగ్లీషులో ‘టూ’. ‘నామ్’ అక్కడ ‘నేమ్’. ఫారసీ నుండి మనకు వచ్చిన ‘బిరాదర్’, ఇంగ్లీషు ‘బ్రదర్’ దూరపు చుట్టాలు. రెండూ ఇతర భాషల పదాలను ఆదరించి పెరిగాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ‘కోర్టు’, ‘జడ్జి’ వంటి ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో స్థిరపడ్డాయి. ఉర్దూలోని ‘అదాలత్’, ‘మున్సిఫ్’ అరబ్బీ మూలం కలవి. వర్ణక్రమంలోనూ పోలిక ఉంది. ఇంగ్లీషులో పలకని అక్షరాలున్నాయి. ఉర్దూలో ‘జ’ (z) ధ్వనికి జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నాయి. హ్రస్వ స్వరాలను సాధారణంగా రాయరు. పలికినట్లే రాసే తెలుగుకు అలవాటుపడిన పిల్లవాడికి రెండూ కొంత శ్రమ కలిగిస్తాయి.

ఇక భేదాలు. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది. అందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా లేదు. ఇంగ్లీషులో క్రియ వాక్యం మధ్యలో వస్తుంది. ఉర్దూలో, తెలుగులో అది చివర వస్తుంది. ‘ఘర్ మే’ అన్నా, ‘ఇంట్లో’ అన్నా విభక్తి నామం తరువాతే. ఇంగ్లీషు ‘ఇన్’ ముందుకు వస్తుంది. ‘బచ్చే నే రోటీ ఖాయీ’, ‘బచ్చే నే ఆమ్ ఖాయా’ అన్నప్పుడు తిన్న వస్తువు లింగాన్ని బట్టి క్రియ మారుతుంది. ఇంగ్లీషులో రెండుచోట్లా ఒకటే క్రియ. మన తూ, తుమ్, ఆప్ మూడింటికీ నేటి ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. ఈ తేడాలను పక్కపక్కన పెట్టి బోధించే ఉపాధ్యాయుడు దొరికితే, పిల్లవాడు తన భాష ఆధారంగానే ఇంగ్లీషు అందుకుంటాడు. ఆధారం లేని చోట మిగిలేది బట్టీ పట్టడమే.

ఇది కొత్త ఆలోచన కాదు. 1918లో హైదరాబాదులో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో వైద్యం, ఇంజనీరింగు బోధించింది. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి అనువాద సంస్థ ‘దారుల్ తర్జుమా’ పనిచేసింది. నేను గుమాస్తాగా పనిచేసిన ప్రభుత్వ కార్యాలయంలోనూ ఈ సహజీవనమే కనిపించేది. జమాబందీ, దస్తావేజు, రాజీనామా ఒకవైపు. ఫైలు, ఆర్డరు, రిజిస్టరు మరొకవైపు. వాక్యం మాత్రం తెలుగు. ఏ మాటా మరో మాటను కాగితం మీద నుండి గెంటివేయలేదు.

హక్కుల విషయం కూడా మరువరాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. ఉర్దూ 2017లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో రెండవ అధికార భాష అయింది. అయితే చట్టంలో ఉన్న భాష తరగతి గదిలోకి రావాలంటే ఉపాధ్యాయుడు ఉండాలి; చేర్చుకోమని అడిగే తల్లిదండ్రులూ ఉండాలి. మనం అడగడం మానేస్తే, పిల్లలు లేరన్న కారణం చూపి పోస్టును, ఆ తరువాత బడిని ఎత్తివేయడం అధికారులకు సులభమవుతుంది.

కనుక ఇంగ్లీషు బడికి పంపే తల్లిదండ్రులకు నా మనవి: పంపండి, తప్పులేదు. రోజుకు అరగంట ఇంట్లో ఉర్దూ రాత నేర్పండి. మాట మాత్రమే మిగిలి లిపి పోతే, తాత రాసిన ఉత్తరాన్ని మనవడు చదవలేడు. మీ ఊరి బడిలో ఉర్దూ పోస్టు ఖాళీగా ఉంటే పదిమంది సంతకాలతో అర్జీ పెట్టండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి, రసీదు తీసుకోవడం మరువకండి.