అమ్మమ్మ రాయికి జత దొరుకుతుందా? పాత కట్ వజ్రాల దుద్దుల గురించి అన్నీ

మీ ఇంట్లో బీరువాలో పాత వజ్రాల దుద్దులు ఉన్నాయా? అమ్మమ్మవో, నాయనమ్మవో? వాటిలో ఒక రాయి పోయి ఒకటే మిగిలిందా? లేకపోతే అలాంటి పాత కట్ రాళ్లతోనే కొత్తగా దుద్దులు చేయించుకోవాలని ఉందా? అయితే ఈ ఎపిసోడ్ మీకే. ఎందుకంటే షాపుకెళ్తే చాలాసార్లు ముందు వినపడే మాట ఏంటి? "పాత రాళ్లమ్మా, మెరుపుండదు, మార్చేసుకోండి." ఆ మాట విని ఇచ్చేసే ముందు ఒక్క పది నిమిషాలు నాకివ్వండి.

ముందు పాత కట్ అంటే ఏంటో చూద్దాం. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఓల్డ్ మైన్ కట్. 18, 19 శతాబ్దాల్లో బాగా నడిచింది. పైనుంచి చూస్తే పూర్తి గుండ్రంగా ఉండదు, దిండులాగా మూలలు మెత్తబడిన చతురస్రం. రెండోది ఓల్డ్ యూరోపియన్ కట్. 1870ల తర్వాత రాయిని గుండ్రంగా తిప్పి అరగదీసే యంత్రాలు రావడంతో ఇది గుండ్రంగా వచ్చింది. రెండింటిలోనూ పైభాగం ఎత్తుగా ఉంటుంది, పైన ఉండే బల్లపరుపు ముఖం, అంటే టేబుల్, చిన్నగా ఉంటుంది. కింది మొన దగ్గర కూడా చిన్నగా కోసి ఉంటుంది. దాన్ని క్యూలెట్ అంటారు. పైనుంచి చూస్తే సరిగ్గా మధ్యలో చిన్న చుక్కలాగా కనిపిస్తుంది. చాలామంది "అయ్యో, రాయికి చిల్లు పడింది" అనుకుంటారు. చిల్లు కాదు, అది ఆ కాలం పనితనం.

1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన వజ్రాన్ని ఏ కోణంలో కోస్తే వెలుగు బాగా తిరిగొస్తుందో లెక్కలు కట్టి ఒక పుస్తకం రాశాడు. ఇప్పుడు మనం షాపుల్లో చూసే గుండ్రటి రాళ్ల కొలతలకు ఆ లెక్కలు పునాది. కొత్త రాయి సన్నసన్నగా, చిటపటలాడుతూ మెరుస్తుంది. పాత రాయిలో ముఖాలు పెద్దవి కాబట్టి మెరుపులు తక్కువే, కానీ పెద్ద పెద్ద తునకలుగా, రంగులతో వస్తాయి. దీపం వెలుగులో చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అంటే మెరుపు లేకపోవడం కాదు, మెరిసే తీరు వేరు అన్నమాట.

సరే, ఇప్పుడు అసలు కష్టం. ఉంగరానికైతే ఒక్క రాయి చాలు. దుద్దులకి రెండు కావాలి, రెండూ ఒకేలా ఉండాలి. ఈ రాళ్లేమో చేత్తో కోసినవి. కోసేవాడు బరువు పోకుండా ముడిరాయి ఎలా ఉంటే అలా కోసుకుంటూ పోయాడు. అందుకే రెండు రాళ్లు అచ్చం ఒకేలా ఉండటం దాదాపు జరగదు. మనం వెతకాల్సింది కవల పిల్లల్ని కాదు, అక్కాచెల్లెళ్లని.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మమ్మ దుద్దుల్లో ఒక రాయి ఎప్పుడో రైలు ప్రయాణంలో ఊడిపోయింది. మిగిలినదాన్ని అమ్మ కాగితంలో చుట్టి దాచింది. అక్క పెళ్లి కుదిరాక, దానికి జత వెతికి దుద్దులు చేయిద్దాం అనుకున్నాం. రాయి 55 సెంట్లు, ఓల్డ్ యూరోపియన్ కట్, 5.1 మిల్లీమీటర్లు, కాస్త పసుపు ఛాయ. చేతిలో ఉన్నది ఎనిమిది నెలలు, లెక్కపెట్టుకున్న డబ్బు.

మొదట దొరికిన రాయి కూడా సరిగ్గా 55 సెంట్లే. పక్కన పెట్టి చూస్తే పెద్దదిగా ఉంది! కొలిస్తే 5.3 మిల్లీమీటర్లు. ఎందుకంటే అది లోతు తక్కువ రాయి, బరువంతా వెడల్పులో ఉంది. ఇక్కడే మొదటి పాఠం: జతకి బరువు కాదు, కొలత చూడాలి. క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అది తూకం మాత్రమే. చెవికి తూకం కనపడదు, వెడల్పే కనపడుతుంది.

రెండోసారి కొలత కుదిరింది, కానీ రాయి తెల్లగా ఉంది. తెల్లనిది ఎక్కువ రేటు కదా, మంచిదే కదా అనిపిస్తుంది. కానీ దాని పక్కన పెట్టగానే అమ్మమ్మ రాయి మాసిపోయినట్టు కనిపించింది. విడిగా ఎంత అందంగా ఉన్నా, జత తప్పితే రెండూ చిన్నబోతాయి. రంగు గ్రేడు డి నుంచి జెడ్ వరకు ఉంటుంది. మీ రాయి కె అయితే జె, కె, ఎల్‌లో వెతకండి. ఒక్క మెట్టు తేడా చెవుల మీద కనపడదు. మూడు మెట్లు అయితే పట్టేస్తారు.

ఈ మధ్యలో ఒక షాపులో ఇంకో సలహా ఇచ్చారు. "రెండు రాళ్లనీ మళ్లీ కోయిస్తే సమానం అయిపోతాయి, కొత్తవాటిలా మెరుస్తాయి కూడా." వినడానికి బాగుంది, టైమూ కలిసొస్తుంది. అక్క కాసేపు ఆలోచించింది. కానీ మళ్లీ కోస్తే బరువు పోతుంది, పోయింది తిరిగి రాదు. అన్నిటికంటే, అది ఇక అమ్మమ్మ పెట్టుకున్న రాయి కాదు. వద్దన్నాం. పెళ్లికి అక్క మామూలు బంగారు బుట్టలే పెట్టుకుంది. జత రాయి పెళ్లయిన రెండు నెలలకి దొరికింది: 5.2 మిల్లీమీటర్లు, రంగు ఒక మెట్టు తేడా. చెవికీ చెవికీ మధ్య ముఖమంత దూరం ఉంది. ఆ తేడా ఇప్పటిదాకా ఎవ్వరూ కనిపెట్టలేదు.

ఇప్పుడు మీరు చూసేటప్పుడు ఏం చేయాలో వరసగా చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, షాపు లైట్ల కింద నిర్ణయం తీసుకోవద్దు. ఆ లైట్లకి గాజు కూడా మెరుస్తుంది. కిటికీ దగ్గరికి, నీడపట్టుకి తీసుకెళ్లి చూడండి.

రెండు, రంగు చూడాలంటే తెల్ల కాగితం మీద రాళ్లని బోర్లా పెట్టండి. పైనుంచి చూస్తే మెరుపు రంగుని దాచేస్తుంది.

మూడు, పక్కనుంచి వీడియో తీయండి. ఒకటి ఎత్తుగా, ఒకటి చదునుగా ఉంటే దుద్దుల్లో ఒకటి ముందుకు పొడుచుకొస్తుంది.

నాలుగు, పైనుంచి జూమ్ చేసి టేబుల్ సైజు, మధ్యలో చుక్క పోల్చండి. ఒకదానికి పెద్ద చుక్క ఉండి ఇంకోదానికి లేకపోతే జత కుదరదు. గుండ్రటి దానికి దిండు ఆకారం అస్సలు కలపొద్దు.

ఐదు, యూవీ టార్చ్ వేయండి. కొన్ని వజ్రాలు నీలంగా వెలుగుతాయి, కొన్ని వెలగవు. ఒకటి బాగా వెలిగి ఇంకోటి వెలగకపోతే ఫంక్షన్ లైట్లలో తేడా బయటపడుతుంది.

ఆరు, మూసిన కట్టడంలో ఉన్న రాయిని అలాగే కొనొద్దు. వెనక రేకు ఉంటే అసలు రంగు తెలీదు, బరువు కూడా అంచనాయే. విప్పి చూపించమనండి.

ఏడు, కాగితం. ఇప్పుడు ల్యాబ్‌లో తయారైన వజ్రాలని కూడా పాత కట్‌లో కోస్తున్నారు. అది తప్పేం కాదు, తక్కువ ధరలో చక్కటి జత కావాలంటే అదే తేలిక. కానీ పాత రాయి అని చెప్పి అమ్మితే మోసం. షాపుల్లో పెట్టి చూపించే మామూలు డైమండ్ టెస్టర్ ఈ తేడా చెప్పలేదు, ల్యాబే చెప్పాలి. జీఐఏ రిపోర్టులో పాత రాయికి ఓల్డ్ యూరోపియన్ బ్రిలియంట్ లేదా ఓల్డ్ మైన్ బ్రిలియంట్ అని రాస్తారు, కట్ గ్రేడు ఇవ్వరు. ఇంకో విషయం, హాల్‌మార్క్ బంగారానికే. రాయికి అది ఏ హామీ ఇవ్వదు.

చివరగా రెండు పేర్లు. మన దగ్గర "బ్లూ జాగర్" అనే మాట బాగా వాడతారు. అది దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ గని పేరు నుంచి వచ్చింది. ఆ గని 1971లో మూతపడింది. ఇంకోటి "గోల్కొండ రాయి". కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు నిజం, మన గర్వం కూడా నిజం. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడే దాకా ప్రపంచానికి ప్రధానంగా మనమే ఇచ్చాం. కానీ పాత కట్ రాయి ప్రతీదీ గోల్కొండది కాదు. పేరుకి ఎక్కువ డబ్బు అడిగితే, పేరుకి కూడా కాగితం అడగండి.

కాబట్టి తొందరపడకండి. ముందు మీ రాయి కొలత, రంగు రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి. ఇంట్లో ఒంటరి రాయి ఉంటే ఈ వీడియో అమ్మకి కూడా చూపించండి, మార్చేయడానికి ముందే. మళ్లీ కలుద్దాం, బై!