వెనక బెంచీ దాకా అందిందా?

మిత్రులారా, నేను గనుల్లో వైర్‌లెస్ మెష్ రేడియోలు అమర్చుతాను. ఒక రేడియో పంపింది మరొకటి అందుకుని ముందుకు పంపే ఏర్పాటది.

ఒక బొగ్గు గనిలో కెమెరా దృశ్యాన్ని నాలుగు తెరలకు మల్టీకాస్ట్‌లో పంపాను. ఒక్కసారి పంపితే అందరికీ చేరుతుంది, ఆదా అనుకున్నాను. బొమ్మలు ఆగిపోయాయి, డంపర్ డ్రైవర్ల మాటలూ తెగిపోయాయి. ఆ పూట పని ఆపాల్సి వచ్చింది. తప్పు నాదే.

వైఫైలో ఒకరికి పంపిన ప్యాకెట్‌కు ‘అందింది’ అని జవాబొస్తుంది, రాకపోతే మళ్లీ పంపుతుంది. మల్టీకాస్ట్‌కు ఆ జవాబు లేదు. పైగా దూరంగా ఉన్నవాళ్లకూ అందాలని తక్కువ వేగంతో, 5 గిగాహెర్ట్జ్‌లో తరచు సెకనుకు 6 మెగాబిట్లతోనే వెళ్తుంది. ఇక మిగతా మాటలకు చోటేది? ఎవరికి కావాలో కనిపెట్టే ఐజీఎంపీ స్నూపింగ్ పెట్టి, అడిగిన తెరలకే యూనికాస్ట్‌గా మార్చాక కుదుటపడింది.

మన లెక్కల మాస్టారు పాఠం అందరికీ ఒకేసారి చెప్పేవారు. తర్వాత వెనక బెంచీకొచ్చి ఒక్కొక్కరినీ అడిగేవారు. తలూపితే ఊరుకునేవారు కాదు, లెక్క చేసి చూపించమనేవారు. ఆ బెంచీవాణ్ణే నేను. గనిలో అది కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.