విశ్రాంత జీవనము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పండితులు కూర్చున్న సభలో నావంటివాడు మాటలాడుట సాహసమే. నేను గ్రామ లెక్కలు వ్రాయువాడను. గురుముఖమున కావ్యములు చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బీరువాలోని పుస్తకములను ఒక్కొక్కటిగా ఇంటికి తీసికొనిపోయి, అర్థము కాని పద్యమును పదిమారులు చదివి, కొంత నేర్చుకొంటిని. ఆ ఋణము కలదు గనుక కార్యదర్శిగారు పిలువగా కాదనలేకపోయితిని. నాకు ఏబదియేడవ యేడు నడచుచున్నది. అందుచేత విశ్రాంత జీవనమను విషయమును నేనే కోరుకొంటిని.

మొదట ఒక సందేహము తీర్చవలెను. పల్లెలో విశ్రాంతి యెవరికి? ఉద్యోగికి ఒక తేది కలదు. రైతునకు అదియును లేదు. ఎనుబదియేండ్ల వృద్ధుడు నేటికిని చేనిగట్టున కూర్చుండి పిట్టలను తోలుచున్నాడు. ఆడువారి సంగతి చెప్పనే వలదు. పొయ్యి యెన్నడును ఎవరికిని సెలవీయలేదు. కావున నా మాటలు జీతము తీసికొనువారికి మాత్రమే గాక, వయస్సు మీరుచున్న వారందరికిని అని గ్రహింప ప్రార్థన.

ఉద్యోగికి ఉన్న తేదియైనను వాని చేతిలో లేదు. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గించినప్పుడు, సిద్ధముగా లేనివారెందరో ఒక్కమారుగా ఇంటిదారి పట్టిరి. 2021లో తెలంగాణ ప్రభుత్వము 58ని 61 చేసినప్పుడు, మూట కట్టుకొన్నవారు మరల కుర్చీలలో కూర్చుండిరి. తేదిని సర్కారు నిర్ణయించును. సిద్ధపడుట మాత్రము మన పని. లెక్కలు వ్రాయువారందరెఱిగిన సంగతి యొకటి కలదు: ఈ యేటి ముగింపు నిల్వయే వచ్చే యేటికి ప్రారంభపు నిల్వ. అరువదియేండ్ల వరకు ఇంటివారితో తీరికగా మాటలాడనివాడు, కాలినడక నెఱుగనివాడు, ఊరి పొలిమేర దాటనివాడు, విరమించిన మరునాడు ఆ సుఖములన్నియు తన కోసము కాచుకొని యుండునని తలచుట, నిల్వలో లేని సొమ్మును ఖర్చు వ్రాయుట వంటిది. నేను చెప్పదలచిన దింతే. తక్కినది దీనికి వివరణము.

ఇక కుటుంబము మాట. ముడుతలు పడిన దేహమును, నెరసిన తలను, మనుమని మొగమును చూచినప్పుడు గృహస్థు వానప్రస్థమునకు పోవలెనని మనుస్మృతి విధించినది. నేడు పోవుటకు అడవులు లేవు. పోవలసిన పనియు లేదు. కాని ఇంటిలోనే యుండి, ఇంటి పెత్తనమును విడుచుట అడవికి పోవుటకంటె కష్టము. ఇందుకు మన గ్రంథములలో ఇద్దరు రాజులు కనబడుదురు. భారతము ఆదిపర్వములోని యయాతి, ముసలితనము రాగానే కొడుకు పూరుని యౌవనమును అడిగి పుచ్చుకొని, వేయియేండ్లు భోగములనుభవించి, అప్పటికిని తనివి లేదని తెలిసికొనెను. రఘువంశములోని రఘువు, కొడుకునకు రాజ్యమిచ్చి అడవికి బయలుదేరబోగా, అజుడు కన్నీరు పెట్టుకొని వేడుకొనెను. రఘువు ఆ మాట విని అడవికి పోలేదు. పట్టణము వెలుపలనే నివసించెను. కాని ఇచ్చిన రాజ్యమును మరల ముట్టలేదు. కొడుకు కోడండ్రకు చేరువగా నుండవలెను. బీరువా తాళపుచెవి మాత్రము మన మొలత్రాట నుండరాదు. అడిగినప్పుడు సలహా, అడుగనప్పుడు మౌనము. ఈ మౌనమును ఇప్పటినుండియే అభ్యసింపుడని నా యీడువారిని కోరుచున్నాను, నేనును అభ్యసించుచున్నాను. మా ఇంటివారు మాత్రము ఇంకను నమ్ముట లేదు.

పెత్తనము పోయినంతమాత్రమున పెద్దరికము పోదు. పస్తాపూరు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారు జరుపుచు వచ్చిన పాతపంటల జాతరలో, ఎడ్లబండ్లపై విత్తనములు పెట్టుకొని ఊరూరు తిరిగినప్పుడు, ఏ విత్తనము ఏ నేలకు తగునో చెప్పిన వారిలో చదువురాని పెద్ద వయస్సు స్త్రీలు ఎందరో కలరు. కొఱ్ఱకును సామకును భేదము మనుమనికి చెప్పగల తాత ఇంటికి బరువు కాడు.

ఆ పాఠము చెప్పుటకు తగిన చోటు నడకయే. దీనికి యే పరికరమును అక్కరలేదు. తెల్లవారుజామున మన కేతకీ సంగమేశ్వరుని గుండము వద్దనుండి బయలుదేరి చేలగట్ల వెంట కోసెడు దూరము పోయిరండు. ఎఱ్ఱనేలలో అల్లము, ఆలుగడ్డ, చెఱకు. నల్లరేగడిలో జొన్న, శనగ, కుసుమ. ఒక్క నడకలో రెండు నేలలను చూడగల అదృష్టము మన ప్రాంతమునకు కలదు. నడచునప్పుడు కీళ్ళనొప్పులను గూర్చియు, కోడండ్రను గూర్చియు మాటలాడకుండుట మంచిది; ఆ రెండును నడకలోని మేలును హరించును.

ఇక యాత్ర. తెలుగువారి యాత్రలలో ముందుగా స్మరింపదగినది ఏనుగుల వీరాస్వామయ్యగారిది. ఆయన 1780లో జన్మించెను. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసి. ఏబదియవ యేట, ఉద్యోగములో నుండగానే, 1830 మే 18న పరివారముతో కాశీకి బయలుదేరి, హైదరాబాదు మీదుగా పోయి, కాశీ, గయ, కలకత్తాలను చూచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. రైలు లేని కాలము. పదునైదు నెలలకు పైబడిన ప్రయాణము. దారిలో కనబడిన ఊళ్ళను, ధరలను, ఆచారములను వ్రాసి మిత్రుడు శ్రీనివాస పిళ్ళెగారికి పంపెను. 1836లో ఆయన కాలము చేసెను. కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చైనది. కొలువు ముగిసిన తరువాత చూచుకొందమని ఆయన కూర్చుండినయెడల, ఆ యాత్రయు, ఆ పుస్తకమును మనకు దక్కియుండునా?

మన కంత దూరము పోనక్కరలేదు. జహీరాబాదుకు చేరువనే బీదరు కలదు. 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసాను, గుహలోని నీటిలో నడచిపోయి దర్శించు ఝరణీ నరసింహుని ఒక్కదినమున చూచిరావచ్చును. మన మంజీర మహారాష్ట్రలో బాలాఘాటు కొండలలో పుట్టి, సింగూరు మీదుగా పోయి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ఆ నీరు త్రాగినవారమే గాని దాని తుదిని చూచినవారము మనలో ఎందరము? 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైనది. దంపతులు బయలుదేరిన ఒక్క టిక్కెట్టు ఖర్చే.

ఇది ఇంత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. మా తల్లిగారికి కందకుర్తి సంగమమున ఒక్కమారు స్నానము చేయవలెనని కోరిక. ఉదయమున బయలుదేరిన సాయంకాలమునకు చేరదగిన దూరము. ఏటేట "లెక్కలు ముగియనీ అమ్మా" అని చెప్పుచు వచ్చితిని. "కొడుకా, నీ లెక్కలు ఎన్నడు ఒడుస్తయి?" అని ఆమె నవ్వెడిది. లెక్కలు ముగియలేదు. నేను మొదటిసారి ఆ సంగమమును చూచినది ఆమె అస్థికలను తీసికొనిపోయిన దినమున. రెండు నదుల నీరు కలియుచుండగా ఒడ్డున నిలిచి, చేతిలోని కుండను చాలసేపు విడువలేకపోయితిని. ఆ సంవత్సరపు లెక్కలో ఏమి వ్రాసితినో నేడు నాకు జ్ఞప్తి లేదు. ఆమె ప్రశ్న మాత్రము మరువలేదు.

కావున నా యీడువారికి నా మనవి. విరమణ దినము కొఱకు ఎదురుచూడకుడు. ఈ యేడే ఒక చిన్న యాత్ర చేయుడు. ఈ వారమే మనుమని చేయి పట్టుకొని చేలవైపు నడువుడు. ఈ రాత్రియే ఇంటివారితో కొంతసేపు ఊరక కూర్చుండుడు. తల్లిదండ్రులు బ్రదికియున్నవారు వారి కోరిక యేదో నేడే అడిగి తెలిసికొనుడు.

శివపూజకు మొగలిపూవు పనికిరాదని లోకమందురు. మన క్షేత్రమున స్వామికి ఆ పూవే ప్రీతి. ఇతరులు పనికిరాదని ప్రక్కన పెట్టినదానిని స్వీకరించిన దేవుని ఊరివారము మనము. కొలువు ముగిసి ఇంటికి వచ్చిన పెద్దలను మనమును అట్లే ఆదరింతుముగాక. ఇంటిలో వారికొక చోటు, ఈ గ్రంథాలయపు బల్లపై ఒక చోటు ఎల్లప్పుడును ఉండుగాక.