చిప్పుల పోటీయు, మదుపరుల కర్తవ్యమును
(పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



కష్టార్జితమును విదేశీ కంపెనీల వాటాలలో పెట్టు అలవాటు మన పట్టణములలో నేడు వ్యాపించుచున్నది. అందును కంప్యూటరు చిప్పుల సంస్థలనిన వెనుకముందు చూచువారు అరుదు. పోటీలో గెలుచు కంపెనీని ఎన్నుకొనిన లాభము తప్పదని పలువురు తలంచుచున్నారు. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో ఇంటెల్, ఏ.యం.డి. అను రెండు అమెరికా సంస్థల చరిత్రమును బట్టి పరీక్షింప గోరుచున్నాము.

ఇంటెల్ 1968లోను, ఏ.యం.డి. 1969లోను స్థాపింపబడినవి. 1981లో ఐ.బి.యం. తన కంప్యూటరునకు ఇంటెల్ చిప్పును స్వీకరించెను. కాని ఒక్క వర్తకునిపై ఆధారపడుట క్షేమము కాదని యెంచి, రెండవ తయారీదారు ఉండవలెనని పట్టుపట్టెను. 1982 నాటి ఒడంబడికచే ఆ స్థానము ఏ.యం.డి.కి లభించెను. కొద్ది యేండ్లకే ఇరువురును వ్యాజ్యములకు దిగిరి. తుదకు 2009లో ఇంటెల్ 125 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడెను.

న్యాయవాదులమగు మేము ఇచ్చట నొక సత్యమును గుర్తించుచున్నాము. అంత ధనము చేతికందినను, 2015లో ఏ.యం.డి. వాటా వెల రెండు డాలర్లకు లోపడెను. న్యాయస్థానము అన్యాయమును అరికట్టగలదు గాని, మంచి సరకును పుట్టింపజాలదు. 2017లో రైజెన్ చిప్పులు వెలువడిన పిమ్మటనే ఆ సంస్థ తలయెత్తెను.

ఇంటెల్ మాట యేమి? స్వంత కర్మాగారములే దాని బలము. అవియే దానికి భారమునైనవి. దాని 10 నానోమీటర్ల పద్ధతి ఏండ్ల తరబడి ఆలస్యమయ్యెను. ఏ.యం.డి.యో, 2009లోనే తన కర్మాగారములను వేరుపరచి, 2019 నుండి 7 నానోమీటర్ల చిప్పులను తైవానులోని టి.యస్.యం.సి. చేత చేయించుకొనెను. 2024లో ఇంటెల్ డివిడెండు నిలిచిపోయెను. డౌజోన్సు సూచికలో దాని స్థానము ఎన్విడియాకు దక్కెను. 2025లో, స్వేచ్ఛావ్యాపారమును లోకమునకు బోధించిన అమెరికా ప్రభుత్వమే ఇంటెల్‌లో సుమారు పదవ వంతు వాటా గైకొనెను!

కావున మదుపరులు మూడు విషయములు విచారింపవలెను. సరకు చేయువాడెవడు? ఏ.యం.డి., ఎన్విడియాలను రెండింటిని కొని, రెండు కొమ్మలపై కూర్చుంటిమనుకొనువారు, ఆ చెట్టు తైవానులోని దొక్కటే యని మరువరాదు. రాబోవు లాభమును నేటి ధరలోనే ముందుగా చెల్లించుచున్నామా? పోటీ ఫలము కొనుగోలుదారునకు చౌకయై చేరును. వాటాదారునకు చేరుట నిశ్చయము కాదు. ఆ సొమ్ము పోయినను సంసారము నిలుచునా? అప్పు తెచ్చి వాటాలు కొనుట మదుపు గాదు, జూదము.

చిప్పుల పరిశ్రమకై మన ప్రభుత్వము 2021లో 76,000 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. ఇది మాకు హర్షదాయకము. అయినను స్వదేశీ యను పేరు చూచి కన్నులు మూసికొని ధనమొసగుట దేశసేవ కాదు. విదేశీ సంస్థల నడిగిన ఈ ప్రశ్నలనే మనవారినిని అడుగుదము. అడుగు ప్రజలున్నచోటనే పరిశ్రమ నిలుచును.